బాంబర్ బ్రిడ్జ్: చూడటానికి ఒక పూట, బస మాత్రం ప్రెస్టన్‌లో

బాంబర్ బ్రిడ్జ్ ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ దగ్గరి ఊరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ అమెరికన్ సైన్యంలోని నల్ల సైనికులకూ తెల్ల మిలిటరీ పోలీసులకూ మధ్య కాల్పులు జరిగాయి. మాంచెస్టర్ ఎయిర్‌పోర్టు నుంచి ప్రెస్టన్‌కు నేరుగా రైళ్లున్నాయి, గంటకు కాస్త అటూఇటూ పడుతుంది. ప్రెస్టన్‌లో కోల్న్ రైలే ఎక్కండి. యార్క్ రైలూ ఆ పట్టాల మీదే పోతుంది కానీ బాంబర్ బ్రిడ్జ్‌లో ఆగదు, బ్లాక్‌బర్న్‌లో తేలతారు. ఆదివారం రైళ్లు తక్కువ.

ముందే చదువుకుని వెళ్లకపోతే ఇదో మామూలు ఊరు. స్టేషన్ నుంచి ‘యే ఓల్డ్ హాబ్ ఇన్’ నడకదూరమే. పూరికప్పు వేసిన పాత పబ్బు. 1943 జూన్ 24 రాత్రి గొడవ రాజుకుంది ఇక్కడే. ఊళ్లోని ఆడమ్స్ హాల్ క్యాంపులో అమెరికన్ సైన్యానికి సరుకు చేరవేసే 1511వ క్వార్టర్‌మాస్టర్ ట్రక్ రెజిమెంట్ ఉండేది. లారీలు నడిపేది నల్లవాళ్లు, అధికారులు దాదాపు అందరూ తెల్లవాళ్లు. మిలిటరీ పోలీసులూ తెల్లవాళ్లే. అమెరికాలో డెట్రాయిట్ జాతి అల్లర్ల కబురు అప్పుడే వచ్చింది. పబ్బుల్లో వర్ణభేదం పాటించాలని అమెరికన్ అధికారులు పట్టుబడితే, ఊళ్లోని మూడు పబ్బులు ‘నల్ల సైనికులకు మాత్రమే’ అని బోర్డులు తగిలించాయి. ఆ వెటకారం ఊరివాళ్లకే చెల్లింది!

యూజీన్ నన్ అనే సైనికుడు పూర్తి యూనిఫాం బదులు ఫీల్డ్ జాకెట్‌లో ఉన్నాడని పోలీసులు పట్టుకోబోయారు. ఊరి జనం అతని పక్షాన నిలబడ్డారు. అక్కడికి సద్దుమణిగినా, పోలీసులు బలగంతో తిరిగొచ్చి, క్యాంపుకు వెళ్తున్న సైనికులను దారిలో అటకాయించారు. తూటాలు పేలాయి. అర్ధరాత్రి మెషిన్‌గన్ బిగించిన పోలీసుల బండి క్యాంపుకు రావడంతో లోపలివాళ్లు తుపాకులు అందుకున్నారు. కాల్పులు తెల్లవారుజాము దాకా సాగాయి. విలియం క్రాస్‌లాండ్ అనే నల్ల సైనికుడు చనిపోయాడు. తిరుగుబాటు, తదితర నేరాల కింద 32 మందికి శిక్షలు పడ్డాయి, తర్వాత తగ్గించారు. తప్పు ఎక్కువగా తెల్ల అధికారులది, పోలీసులదేనని తేల్చిన అమెరికన్ ఎనిమిదో వైమానిక దళాధిపతి జనరల్ ఐరా ఈకర్, పనికిరాని అధికారులను తీసేసి, గస్తీ జట్లలో నల్లవాళ్లనూ చేర్చాడు.

పబ్బు ఎదుట 2022లో స్మారక తోట పెట్టారు. చిన్నదే, పది నిమిషాల్లో చూసేయొచ్చు. 1980ల చివర్లో బ్యాంకు గోడలో బయటపడ్డ తూటా గుర్తుల కోసం మాత్రం వీధులన్నీ గాలించకండి, అక్కడ దారి చూపే ఏర్పాటు ఏమీ ఉండదు. క్యాంపు కూడా ఇప్పుడు లేదు.

పబ్బుల్లో ఆర్డరు కౌంటర్ దగ్గరే, డబ్బూ అప్పుడే ఇవ్వాలి. చాలాచోట్ల మధ్యాహ్నం వంటగది మూసేస్తారు కాబట్టి తెరిచే వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బసకు, శాకాహారానికి ప్రెస్టన్ మేలు. స్టేషన్ దగ్గర గది దొరికితే సామాను అక్కడే వదిలేసి ఉదయం రైలుకు వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.