ఒకే మోడల్ రెండు పీసులు కొంటే రెండు రకాలుగా మోగాయి

రెండు వేల లోపు వైర్డ్ ఇయర్‌ఫోన్, సింగిల్ డైనమిక్ డ్రైవర్ (అంటే ఒక్కో వైపు సౌండ్ పుట్టించే బుల్లి స్పీకర్ ఒక్కటే), కేబుల్ ఊడదీసుకునే టైపు. నాకొకటి మా తమ్ముడికొకటి ఒకే ఆర్డర్‌లో తెప్పించా. వాడి పీస్ అయితే సూపర్, ఈ రేటుకి వోకల్స్ ఇంత క్లియర్‌గా ఉంటాయనుకోలేదు, బేస్ కూడా గుబగుబలాడకుండా టైట్‌గా ఉంది. నా పీస్ మాత్రం ఏ పాట పెట్టినా ఎడమ పక్కకే లాగేస్తోంది.

ఇది ఊరికే అనట్లేదు, ఘంటసాల గారి బ్లాక్ అండ్ వైట్ కాలం పాటలు పెట్టి చూశా, అవి మోనో రికార్డింగులు కదా, రెండు వైపులా ఒకటే సిగ్నల్ కాబట్టి గొంతు తలకి సరిగ్గా మధ్యలో వినపడాలి (రీమాస్టర్ అంటూ స్టీరియో ఎఫెక్ట్ కలిపినవి వద్దు, వాటితో ఏదీ తేలదు). కేబుల్ పిన్నులు అటూఇటూ మార్చినా గొంతు ఎడమ వైపే, సో ఫోన్‌ది కేబుల్‌ది తప్పు కాదు. పోనీ నా చెవుల్లోనే తేడా ఉందా అంటే, అవే టిప్స్ (చెవిలో దూరే మెత్తటి తొడుగులు) వేసి తమ్ముడి పీస్ పెట్టుకుంటే గొంతు నడిమధ్యకి వచ్చేసింది. కుడి డ్రైవర్‌కే సౌండ్ తక్కువన్నమాట.

ఎందుకంటే డ్రైవర్‌లో అదిరే పల్చటి పొర, అదే డయాఫ్రమ్, దాన్ని అంటించే జిగురు, నాజిల్ (చెవిలోకి వెళ్లే గొట్టం) మీద జాలీ, గాలి వెళ్లే సన్న రంధ్రం, వీటిల్లో ఏది కొంచెం అటూఇటూ అయినా సౌండ్ మారిపోద్ది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి ఖరీదైన హెడ్‌ఫోన్లకి డ్రైవర్లని కొలిచి జతలు కలుపుతారు, తేడా ప్లస్ ఆర్ మైనస్ 1 డెసిబెల్ లోపే అని చెప్తారు. ఈ రేటులో అంత ఓపిక ఎవడికుంటది. అందుకే రివ్యూల్లో ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత సౌండో చూపించే గ్రాఫ్ చూసి ఊగిపోవద్దు, అది వాళ్ల చేతికొచ్చిన ఒక్క పీస్ గ్రాఫ్, పైగా 8 కిలోహెర్ట్జ్ దగ్గర కనపడే ఎత్తు, ఇయర్‌ఫోన్‌ని కొలిచే మైక్‌లోకి ఎంత లోతుగా దూర్చారన్న దాన్ని బట్టి కూడా అటూఇటూ జరుగుద్ది.

రిప్లేస్‌మెంట్ అడిగితే గొడవ లేకుండా ఇచ్చారు. కొత్తది మధ్యలోనే మోగుతోంది కానీ తమ్ముడి దానికన్నా ట్రెబుల్ (సన్నటి, కీచు శబ్దాలు) చిటికెడు ఎక్కువ, పక్కపక్కన పెట్టి వింటే తప్ప తెలీదు, నాకు ఓకే.

సౌండ్‌కి 4 స్టార్లు, క్వాలిటీ చెకింగ్‌కి 2. కొంటే రిటర్న్ గడువు దాటకముందే మోనో పాటతో చెక్ చేసుకోండి, అప్పటిదాకా బాక్స్ పారేయకండి.