డెబ్బై దాటాక: రేడియేషనా, మాత్ర ఒక్కటేనా?

ఆదోనిలో మా పెద్దమ్మకు 72 ఏళ్లు. రొమ్ములో చిన్న క్యాన్సర్ గడ్డ. రెండు సెంటీమీటర్లు కూడా లేదు, చంకలోకి పాకలేదు, హార్మోన్ పాజిటివ్, అంటే ఒంట్లోని హార్మోన్‌తో పెరిగే రకం. గడ్డ వరకే తీసేశారు. అసలు టెన్షన్ ఆ తర్వాతే.

రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు కర్నూలులో మకాం. ఆమెకేమో మోకాళ్ల నొప్పులు. ఆ హార్మోన్‌ను అడ్డుకునే మాత్రయితే ఇంట్లోనే, రోజుకొకటి, ఐదేళ్లు.

ఇలాంటి గడ్డలే ఉన్న, 70 నిండిన 636 మందిని అమెరికాలో ఏళ్ల తరబడి గమనించారు. టామోక్సిఫెన్ అనే అలాంటి మాత్ర అందరికీ ఇచ్చారు, సగం మందికి రేడియేషన్ కూడా. పదేళ్లలో ఆ చోటే తిరగబెట్టింది రేడియేషన్ తీసుకున్నవాళ్లలో సుమారు 2 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 10 శాతం మందికి. బతికున్నవాళ్ల లెక్క మాత్రం దాదాపు సమానం.

అలాగని మాత్ర తేలికేం కాదు. ఒంట్లో ఆవిర్లు, అరుదుగా కాళ్లలో రక్తం గడ్డకట్టడం. లెట్రోజోల్ అనే ఇంకో రకం మాత్రయితే ఎముకలు పలచబడతాయి. మాత్ర సరిగ్గా వేసుకోనివాళ్లకు రేడియేషనే నయమని నాకనిపిస్తుంది, డాక్టరుతో మాట్లాడుకునే లెండి. మా పెద్దమ్మ కొంగున కట్టుకున్న బీపీ మాత్రల షీటు విప్పి చూస్తే వారానివి నాలుగు మిగిలే ఉన్నాయి.

"కర్నూలుకే పోదాంలే నాయనా" అంది, తనే నవ్వుతూ.