కిల్డేర్ బావి దగ్గర అమ్మ ప్రదక్షిణం

డబ్లిన్‌లో ఉద్యోగానికి వచ్చి నాలుగేళ్ళయినా ఐర్లండ్‌లోనే పక్కనున్న కిల్డేర్ ఊరంటే నాకు తెలిసింది అక్కడి బ్రాండెడ్ బట్టల అవుట్‌లెట్ ఒక్కటే. జూన్‌లో కర్నూలు నుంచి అమ్మ వచ్చింది. రెండో రోజే "ఇక్కడ అమ్మవారి గుళ్ళేం లేవా నాయనా?" అని అడిగింది. కిల్డేర్ బ్రిజిడ్ సంగతి చెప్పాను. చర్చి వాళ్ళకు ఆవిడ దాదాపు 525లో చనిపోయిన సన్యాసిని. అంతకు ముందటి ఐరిష్ వాళ్ళకు దేవత. 900 ప్రాంతంలో రాసిన ఒక ఐరిష్ నిఘంటువు ఆమెను కవుల దేవత అంటుంది. అదే పేరుతో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారని, ఒకరిది వైద్యం, ఇంకొకరిది కమ్మరం అని కూడా అంటుంది. "ముగ్గురమ్మలన్నమాట, పద" అంది అమ్మ.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే ముప్పావు గంటలోపే కిల్డేర్. శనివారం మాత్రం వెళ్ళకండి, అవుట్‌లెట్‌కి వెళ్ళే జనంతో రైలు కిటకిటలాడుతుంది. మేం చేసిన తప్పు అదే.

బ్రిజిడ్ పేరు మీద బావులు రెండున్నాయి. రెండూ ఊరి బయట, నేషనల్ స్టడ్ గుర్రాల ఫారం వైపు. రోడ్డు పక్కన ఉన్న చిన్నదాన్ని చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. రెండోది తోటలా కట్టినది. అక్కడ బ్రిజిడ్ కంచు విగ్రహం, వరుసగా నిలబెట్టిన ఐదు రాళ్ళు, ఒక చెట్టు నిండా గుడ్డపీలికలు ఉన్నాయి. జబ్బు నయం కావాలనో, కోరిక తీరాలనో కట్టినవి. అమ్మకు నేనేమీ చెప్పాల్సిన పని పడలేదు, ముడుపు అని చూడగానే తెలిసిపోయింది. బ్యాగులోంచి పాత చేతిరుమాలు తీసి అంచు చించి కట్టింది. నూలుదే కట్టింది లెండి. ఆ చెట్టుకు వేలాడే నైలాన్ రిబ్బన్లు, ప్లాస్టిక్ పూసలు చూస్తే చెట్టు మీద జాలేస్తుంది.

తర్వాత బావి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ అమ్మను చూసి నవ్వి "దెషల్" అంది. ఎండ తిరిగే దిక్కున, కుడి చెయ్యి లోపలికి ఉండేలా తిరగడానికి ఐరిష్‌లో ఉన్న మాట అది. పవిత్రమైన బావి చుట్టూ వీళ్ళు ఎప్పటినుంచో తిరిగేదీ అలాగేనట. మాటలో మొదటి ముక్క పాత ఐరిష్ 'దెస్'. దానికి కుడి అనీ, దక్షిణ దిక్కు అనీ రెండర్థాలు. మన 'దక్షిణం'లోనూ ఆ రెండూ ఉన్నాయి కదా! తూర్పుకు తిరిగి నిలబడ్డవాడికి కుడిచేతి వైపున్నది దక్షిణమే. భాషావేత్తలు ఈ రెండు మాటలకూ మూలం ఒకటే అంటారు. సెల్టిక్ (ఐరిష్ భాష ఉన్న పాత భాషా కుటుంబం), హిందూ పోలికల మీద ఇంటర్నెట్‌లో కనిపించేదాంట్లో సగం ఊహాగానమే. ఇది మాత్రం గట్టిది. బ్రిజిడ్ పేరు కూడా అంతే, సంస్కృతంలో 'బృహతి'కి చుట్టం, ఉన్నతమైనది అని అర్థం. బృహతి వేదఛందస్సుల్లో ఒకదాని పేరు కూడా. కవుల దేవతకు ఛందస్సు పేరు కలవడం కాకతాళీయమేనేమో గానీ నాకైతే భలే నచ్చింది.

ఊళ్ళో కెథీడ్రల్ పక్కన, బ్రిజిడ్ పేరుతో ఆరకుండా కాపాడిన నిప్పు ఉండే ఒకప్పటి అగ్నిగృహం పునాది చూపిస్తారు. 12వ శతాబ్దంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత ఈ నిప్పు గురించి రాశాడు. 19 మంది సన్యాసినులు రాత్రికొకరు చొప్పున కాపలా కాసేవాళ్ళట. 20వ రాత్రి కాపలా బ్రిజిడ్‌దే. మగవాళ్ళు ఆ నిప్పు చుట్టూ ఉన్న కంచె దాటకూడదు. ఆ నిప్పును నోటితో ఊదకూడదు, కొలిమితిత్తితోనో చేటతోనో విసరాలి. ఈ మాట చదివి వినిపించగానే అమ్మ "మరి దీపాన్ని నోటితో ఊదితే ఊరుకుంటామా?" అంది. తర్వాతి కాలంలో ఆరిపోయిన ఆ నిప్పును బ్రిజిడీన్ సిస్టర్లు 1993లో మళ్ళీ వెలిగించారు. ఇప్పుడది సొలస్ వ్రీడ అనే వాళ్ళ కేంద్రంలో ఉంది. కేంద్రం నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉంటుంది, ఏకాంతంగా గడపదలిచినవాళ్ళకు కుటీరాలూ ఉన్నాయి. ముందే కనుక్కుని వెళ్ళడం మేలు. మళ్ళీ వెళ్తే నేను అక్కడే దిగుతాను.

ఎందుకంటే మేం దిగిన గెస్ట్‌హౌస్ సుఖపెట్టలేదు. జూన్‌లో హీటర్ వెయ్యం అన్నారు. అమ్మ రెండు స్వెటర్లు, ఒక శాలువాతో పడుకుంది. పొద్దున టిఫిన్‌లో శాకాహారం కావాలని బుక్ చేసేటప్పుడే రాశాను. ప్లేటులోంచి సాసేజ్ తీసేసి మిగతాది అలాగే తెచ్చిపెట్టారు. పులిహోర డబ్బా ఆదుకుంది. గది అద్దె డబ్లిన్ కన్నా తక్కువ, అది నిజం.

కెథీడ్రల్ లోపల వెల్స్లీ అనే బిషప్ సమాధి మీద ఒక చిన్న బొమ్మ ఉంది, వెతికితేగానీ కనపడదు. కాళ్ళు ఎడంగా పెట్టిన నగ్నస్త్రీ. ఇలాంటివాటిని ఇక్కడ షీలా నా గిగ్ అంటారు. నాకు ఇబ్బందిగా అనిపించింది గానీ అమ్మ మామూలుగానే "అలంపురంలో లేదూ ఇట్లాంటిది" అంది. తుంగభద్ర దాటితే మాకు అలంపురం పక్కూరు కిందే లెక్క. అక్కడి లజ్జాగౌరికి తల ఉండాల్సిన చోట తామర పువ్వుంటుంది. ఇక్కడి షీలాకు తలే పెద్దది. రెండింటికీ మధ్య శతాబ్దాల దూరం ఉంది, ఒకదాన్నుంచి ఇంకొకటి వచ్చిందనడానికి ఆధారమేమీ లేదు. పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్ళ మనసు ఎక్కడైనా ఒకటేనని అమ్మ సిద్ధాంతం.

కెథీడ్రల్ పక్కనున్న రౌండ్ టవర్, అంటే గుండ్రటి పాత రాతి గోపురం, 32 మీటర్ల పైమాటే. లోపల నిచ్చెనలు. మోకాళ్ళ నొప్పులుంటే కింద నుంచే దణ్ణం పెట్టండి.

మర్నాడు న్యూగ్రేంజ్, అంటే రాతియుగం నాటి సమాధి గుట్ట. డ్రోహెడా దాకా రైలు, అక్కణ్ణుంచి టాక్సీ. నేరుగా గుట్ట దగ్గరికి పోనివ్వరు. బ్రూ నా బోయ్న్ సందర్శక కేంద్రంలో టికెట్ చూపించి, బోయ్న్ నది మీది వంతెన దాటి, వాళ్ళ బస్సే ఎక్కాలి. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, వేసవిలో అప్పటికప్పుడు దొరకవు. ఏర్పాట్లకు వంక పెట్టలేం.

వంతెన మీద నది కథ చెప్పాను. బోవాన్ అనే ఆమె, వద్దన్నా వినకుండా, ఒక రహస్యపు బావి చుట్టూ ఎడమవైపుగా మూడుసార్లు తిరిగింది. బావి పొంగి ఆమెను సముద్రం దాకా తరుముకుపోయింది, ఆ పారిందే ఈ నది. పేరుకు తెల్లావు అని అర్థం. రెండో శతాబ్దంలో భూగోళవేత్త టాలెమీ దీన్ని బువిండా అని రాశాడు. అమ్మ వెంటనే "గోవిందా" అంది. ఆ పోలిక చాలామందికి తట్టేదే, కానీ సగమే నిజం. 'బో'కు 'గో' చుట్టమే. రెండో ముక్క మాత్రం వీళ్ళకు తెలుపు, మనకు 'వింద', అంటే పొందేవాడు. "సగమైనా ఆవు కలిసింది కదా" అంది అమ్మ.

గుట్ట లోపలి దారి ఇరుకు, వంగి నడవాలి. దీపాలార్పి, డిసెంబరులో పగలు అతి తక్కువగా ఉండే రోజుల్లో పొద్దుటి ఎండ లోపలికెలా వస్తుందో బల్బుతో చూపిస్తారు. అసలు వెలుగు 17 నిమిషాలుంటుందట. అద్భుతమే. అయితే దీన్ని క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టారు, సెల్టిక్ భాషలు ఇక్కడికి రావడానికి చాలా ముందు. దేవతల కోసమే వచ్చేవాళ్ళు, ఒక్కరోజే ఉంటే, కిల్డేర్‌కే ఓటు వెయ్యండి.

బయట గుట్ట చుట్టూ 97 పెద్ద రాళ్ళు. వెనకవైపు రాయి చెక్కడాలు చూస్తుండగా బస్సుకు వేళయిందని పిలిచారు. ఎడమకు తిరిగితే దగ్గర దారి. అమ్మ కదల్లేదు. "ఆ మహాతల్లి ఎడమకు తిరిగి ఏమైందో నువ్వే చెప్పావు" అని కుడి చేతి వైపు నుంచే చుట్టు పూర్తి చేసింది. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు డ్రైవరు ఏమీ అనకుండా ఎక్కించుకున్నాడు.