క్లఫ్ గొప్పతనం ఏ ఊరిది: డర్బీదా, నాటింగ్‌హమ్‌దా?

ఇంగ్లండ్‌లో డర్బీ, నాటింగ్‌హమ్ ఊళ్ళని కలిపే ఏ52 రోడ్డుకి, రెండు ఊళ్ళ ఫుట్‌బాల్ జట్లకీ మేనేజర్‌గా చేసిన బ్రయన్ క్లఫ్ పేరు పెట్టారు. దాదాపు పాతిక కిలోమీటర్ల దూరం. ఒక ఊరి అభిమాని ముందు రెండో ఊరి జట్టు పేరెత్తితే ఒళ్ళు మండుతుంది, కానీ రోడ్డు పేరు దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ రోడ్డుకి ఏ చివర ఆయన గొప్ప పని చేశాడన్న దగ్గరే.

నాటింగ్‌హమ్ ఫారెస్ట్ జట్టు 2025లో మళ్ళీ యూరప్ పోటీల్లోకి వచ్చిన దగ్గర్నుంచి, అర్ధరాత్రి దాకా మేలుకుని ప్రీమియర్ లీగ్ చూసే మనవాళ్ళలో ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. క్లఫ్ మేనేజర్‌గా చేసిన పనిలో ఏది మేలు, డర్బీ కౌంటీనా, నాటింగ్‌హమ్ ఫారెస్టా? ఒకాయనైతే మూడుసార్లు అడిగాడు. ఆటగాడిగా 274 లీగ్ మ్యాచ్‌ల్లో 251 గోల్స్ కొట్టడం, 1962 క్రిస్మస్ మర్నాడు బరీ గోల్‌కీపర్‌ని గుద్దుకుని మోకాలు పోగొట్టుకోవడం, 30 ఏళ్ళకే మేనేజర్ కుర్చీ ఎక్కడం, ఇవన్నీ అడిగేవాళ్ళకి తెలిసినవే. కాబట్టి నేరుగా తూకానికి వస్తాను.

ముందు చిన్నవాటిని పక్కన పెడదాం. మేనేజర్‌గా మొదటి జట్టు హార్ట్‌లీపూల్స్‌లో పని నేర్చుకున్నాడు, అంతే. బ్రైటన్‌లో మనసు పెట్టలేదు. సొంత మైదానంలో బ్రిస్టల్ రోవర్స్ చేతిలో 8-2తో ఓడిన జట్టు అది. లీడ్స్ మేనేజర్‌గా 44 రోజులే ఉన్న ముచ్చట గురించి ఇప్పటికే అందరూ ఎక్కువ మాట్లాడేశారు. ఆరు లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు. డర్బీకీ ఫారెస్ట్‌కీ నడుమ ఆ మధ్యకాలం వల్ల ఆయన కథకి మసాలా దొరికింది కానీ, ఈ తూకంలో దాని బరువు లేదు.

కప్పులు లెక్కపెడితే ఈ ప్రశ్నే అక్కర్లేదు. డర్బీలో సెకండ్ డివిజన్ (రెండో అంచె లీగ్) టైటిల్ ఒకటి, 1972లో ఫస్ట్ డివిజన్ (అప్పటి పై లీగ్) టైటిల్ ఒకటి. ఫారెస్ట్‌లో 1978 లీగ్ టైటిల్, 1979, 1980ల్లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్), నాలుగు లీగ్ కప్పులు, బార్సిలోనా మీద గెలిచిన యూరోపియన్ సూపర్ కప్. పైగా 1977 నవంబర్ నుంచి 1978 డిసెంబర్ దాకా వరసగా 42 లీగ్ మ్యాచ్‌ల్లో ఓటమి లేదు. ఆ రికార్డుని 2004లో ఆర్సెనల్ వచ్చి బద్దలుకొట్టే దాకా ఎవరూ ముట్టుకోలేదు. చాలామంది ఇక్కడే తీర్పు చెప్పేసి టీవీ కట్టేస్తారు.

నాకు మాత్రం ఈ లెక్కతో తృప్తి లేదు. మేనేజర్ పనిని నేను చూసే పద్ధతి వేరు. కట్టినవాడి చెయ్యి తీసేస్తే ఆ జట్టు ఎంతకాలం నిలబడింది? మైదానం పక్కన నిలబడి అరిచే మనిషి ఉన్నంతవరకు పరుగెత్తే జట్టు ఒక రకం. ఆ మనిషి వెళ్ళిపోయాక కూడా గెలవడం మరిచిపోని జట్టు ఇంకో రకం. ఈ రెండో రకాన్నే నేను మంచి కట్టడం అంటాను.

1967 వేసవిలో క్లఫ్, ఆయన సహాయకుడు పీటర్ టేలర్ డర్బీకి వచ్చేసరికి ఆ జట్టు సెకండ్ డివిజన్‌లో 17వ స్థానంలో ఉంది. వీళ్ళు వచ్చిన మొదటి ఏడు ఇంకో మెట్టు దిగి 18కి చేరింది. ఈ రోజుల్లో అయితే అక్కడికే ఉద్వాసన పలికేవారు. కానీ ఆ ఏడాదంతా లోపల పాత గోడలు పడగొట్టే పని నడిచింది. కెవిన్ హెక్టర్, అలన్ డర్బన్, రాన్ వెబ్‌స్టర్, కాలిన్ బౌల్టన్ లాంటి కొద్దిమందిని ఉంచుకుని మిగతా వాళ్ళలో చాలామందిని పంపేశారు. ట్రాన్‌మియర్ నుంచి రాయ్ మెక్‌ఫార్లండ్ అనే కుర్ర డిఫెండర్‌ని తెచ్చారు. తర్వాత అతను ఇంగ్లండ్‌కి ఆడాడు.

ఇక డేవ్ మెకాయ్. 1968లో టాటెన్‌హమ్ నుంచి 5,000 పౌండ్లకి కొన్నారు. వయసు 33, కాలు రెండుసార్లు విరిగి అతికింది. మేనేజర్ కన్నా ఆటగాడే కొన్ని నెలలు పెద్ద! పరుగెత్తి ఆడే మనిషిని తెచ్చి డిఫెన్స్‌లో వెనక నిలబెట్టి, నువ్వు పరుగెత్తక్కర్లేదు, పక్కనున్న కుర్రాళ్ళకి ఆట చెప్పు అన్నారు. మెక్‌ఫార్లండ్ ఆట నేర్చింది ఆయన పక్కన నిలబడే. ఆ ఏడే డర్బీ పై డివిజన్‌కి ఎక్కింది. మెకాయ్‌కి ఫుట్‌బాల్ రచయితలిచ్చే ఆ ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డులో సగం వాటా కూడా దక్కింది, మిగతా సగం మాంచెస్టర్ సిటీ ఆటగాడు టోనీ బుక్‌ది. నన్నడిగితే క్లఫ్, టేలర్ జీవితంలో చేసిన అతి మంచి బేరం ఇదే. తర్వాత ఫారెస్ట్‌కి తెచ్చిన మిలియన్ పౌండ్ల ట్రెవర్ ఫ్రాన్సిస్ కాదు.

1971లో మెకాయ్ వెళ్ళిపోయాడు. అంటే 1972 టైటిల్ గెలిచిన జట్టులో ఆయన లేడు, ఆయన నేర్పిన ఆట ఉంది. ఆ టైటిల్ గెలిచిన తీరు కూడా వింతే. డర్బీ తన చివరి మ్యాచ్‌లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించి 58 పాయింట్లతో ఆట ముగించింది. ఆ మ్యాచ్‌లో రైట్ బ్యాక్‌గా ఆడిన స్టీవ్ పావెల్ వయసు 16. లీడ్స్‌కీ లివర్‌పూల్‌కీ ఇంకో మ్యాచ్ మిగిలి ఉంది. ఆటగాళ్ళు టేలర్‌తో మయోర్కా దీవిలో, క్లఫ్ కుటుంబంతో సిల్లీ దీవుల్లో సెలవులు గడుపుతుంటే, అటు లీడ్స్ ఉల్వ్స్ చేతిలో ఓడింది, ఇటు లివర్‌పూల్ ఆర్సెనల్‌తో డ్రాతో సరిపెట్టుకుంది. ఒక్క పాయింట్ తేడాతో డర్బీ ఛాంపియన్. అదృష్టం అనేవాళ్ళు అననీ. 42 మ్యాచ్‌ల లీగ్‌లో చివరిదాకా ముందుండకపోతే ఆ అదృష్టం తలుపు తట్టదు.

మరుసటి ఏడు యూరోపియన్ కప్ సెమీఫైనల్ దాకా వెళ్ళి యువెంటస్ చేతిలో ఆగిపోయారు. తర్వాత 1973 అక్టోబర్‌లో ఛైర్మన్ శామ్ లాంగ్సన్‌తో గొడవ. క్లఫ్ టీవీలో కనబడటం, పత్రికల్లో నోటికొచ్చినట్టు రాయడం బోర్డుకి నచ్చలేదు. క్లఫ్, టేలర్ రాజీనామా చేశారు. బోర్డు ఒప్పుకోదని క్లఫ్ అనుకున్నాడేమో, బోర్డు వెంటనే ఒప్పేసుకుంది. ఆటగాళ్ళు తిరగబడ్డారు, ఊరు వీధికెక్కింది, ఏమీ లాభం లేకపోయింది. వాళ్ళ కుర్చీలోకి వచ్చినవాడెవరో కాదు, డేవ్ మెకాయే. అప్పటికి ఆయన నాటింగ్‌హమ్ ఫారెస్ట్ మేనేజర్!

నా తీర్పుకి ఆధారం ఈ తర్వాతి కథే. క్లఫ్ వెళ్ళిన ఏడాదిన్నరకి, 1975లో డర్బీ మళ్ళీ లీగ్ గెలిచింది. మెకాయ్ బ్రూస్ రియోక్‌ని, ఫ్రాన్సిస్ లీని తెచ్చాడు, వాళ్ళు గోల్స్ కొట్టారు, ఆ ఘనత ఆయనదే. కానీ తక్కిన జట్టుని చూడండి. కాలిన్ టాడ్, ఆర్చీ గెమిల్, డేవిడ్ నిష్, రోజర్ డేవిస్, హెన్రీ న్యూటన్ అందరూ క్లఫ్ కొన్నవాళ్ళు. హెక్టర్, బౌల్టన్, వెబ్‌స్టర్ ఆయన ఉంచుకున్నవాళ్ళు. మెక్‌ఫార్లండ్ గాయంతో ఆ సీజన్‌లో చాలాభాగం బయటే కూర్చున్నాడు, అయినా జట్టు చెదరలేదు. టాడ్‌ని తోటి ఆటగాళ్ళే ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. మేనేజర్ పదవిలో ఉన్న మెకాయ్ కూడా ఒకప్పటి క్లఫ్ కెప్టెనే. యజమాని ఊరు విడిచి వెళ్ళినా ఇల్లు కారలేదు.

ఇప్పుడు ఫారెస్ట్. 1975 జనవరిలో క్లఫ్ వచ్చినప్పుడు సెకండ్ డివిజన్‌లో 13వ స్థానం. టేలర్ బ్రైటన్‌లోనే ఉండిపోయాడు. ఒంటరిగా క్లఫ్ చేసిందేమిటంటే ఆ ఏడు 16వ స్థానం, తర్వాతి ఏడు 8వ స్థానం. 1976 జులైలో టేలర్ వచ్చాడు. పది నెలల్లో ప్రమోషన్, ఇంకో ఏడాదికి లీగ్ టైటిల్, మరుసటి ఏడు యూరోపియన్ కప్. ఇంత స్పష్టంగా ముందు, తర్వాత తేడా కనబడే ఉదాహరణ ఫుట్‌బాల్‌లో అరుదు.

అక్కడ జరిగిన పని డర్బీలో జరిగిన లాంటిది కాదు. జాన్ రాబర్ట్‌సన్, మార్టిన్ ఓనీల్, వివ్ ఆండర్సన్, టోనీ వుడ్‌కాక్, ఇయన్ బోయర్ ముందునుంచీ ఆ క్లబ్బులోనే ఉన్నారు. వాళ్ళలో కొందరు మూలన పడి ఉన్నారు. ముఖ్యంగా రాబర్ట్‌సన్. సిగరెట్లు, నూనెలో వేయించిన తిండి, బద్ధకం. అలాంటివాణ్ణి ఎడమ వింగ్ మీద పెడితే, 1979 ఫైనల్లో మాల్మో మీద ఫ్రాన్సిస్ తలతో కొట్టిన గోల్‌కి బంతి అందించింది అతనే, 1980 ఫైనల్లో హాంబర్గ్ మీద ఏకైక గోల్ కొట్టిందీ అతనే. బర్మింగ్‌హమ్‌లో ఫార్వర్డ్‌గా ఆడిన కెన్నీ బర్న్స్‌ని డిఫెండర్‌ని చేస్తే 1978లో రచయితల అవార్డు అతనికి వచ్చింది. గోల్‌కీపర్ పీటర్ షిల్టన్‌ని తెచ్చిన ఏడు లీగ్‌లో 42 మ్యాచ్‌లకి 24 గోల్స్ మాత్రమే ఇచ్చారు. 1978-79 యూరోపియన్ కప్ మొదటి రౌండ్లోనే, అప్పటికి వరసగా రెండుసార్లు యూరప్ గెలిచిన లివర్‌పూల్‌ని ఇంటికి పంపారు. ఆ రెండేళ్ళ ఫారెస్ట్ ఆట చూస్తే నా వాదన నాకే బలహీనంగా అనిపిస్తుంది, ఒప్పుకుంటున్నాను.

కానీ ఆ తర్వాత? 1980 మే నెలలో యూరప్ విజేతలు. అదే ఏడు శరదృతువులో యూరోపియన్ కప్ మొదటి రౌండ్లోనే సీఎస్‌కేఏ సోఫియా చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓటమి. లీగ్‌లో 7వ స్థానం, మరుసటి ఏడు 12వ స్థానం. వుడ్‌కాక్ 1979లోనే వెళ్ళిపోయాడు, తర్వాత బర్టిల్స్, ఫ్రాన్సిస్, షిల్టన్ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానాల్లో పోసిన డబ్బు నీళ్ళపాలైంది. పన్నెండున్నర లక్షల పౌండ్లు పెట్టి తెచ్చిన ఇయన్ వాలెస్ ఆ ధరకి తగ్గట్టు ఆడలేదు. పది లక్షల పౌండ్ల జస్టిన్ ఫషానూ 32 లీగ్ మ్యాచ్‌ల్లో 3 గోల్స్ కొట్టాడు. గే అని తెలిశాక ఆ కుర్రాడితో క్లఫ్ ప్రవర్తించిన తీరు ఆయన మీద చెరగని మచ్చ, దానికి ఏ కప్పూ అడ్డం రాదు. 1982లో టేలర్ వెళ్ళిపోయాడు.

గమనించారా? డర్బీ జట్టు క్లఫ్ లేకపోయినా గెలిచింది. ఫారెస్ట్ జట్టు క్లఫ్ ఉండగానే చెదిరింది. నా దృష్టిలో తేడా ఇక్కడే తేలిపోయింది.

ఫారెస్ట్ అభిమానులు దీనికి జవాబు చెబుతారు, ఆ జవాబులో బలం ఉంది. టేలర్ లేకుండానే క్లఫ్ ఇంకో పదకొండేళ్ళు అక్కడ ఉన్నాడు. 1984, 1988, 1989ల్లో మూడో స్థానం, 1989, 1990ల్లో లీగ్ కప్పులు. స్టువర్ట్ పియర్స్, డెస్ వాకర్, సొంత కొడుకు నైజెల్‌లతో అందమైన ఆట ఆడించాడు. ఐర్లండ్‌లోని కోవ్ రాంబ్లర్స్ నుంచి 47,000 పౌండ్లకి రాయ్ కీన్‌ని తెచ్చాడు, మెకాయ్ తర్వాత నేను చెప్పుకునే బేరం అదే. ఒక పెద్ద జట్టు చెదిరాక రెండోది కట్టగలిగాడు కాబట్టి ఆ చేతిలో పనితనం ఉందనే కదా అంటారు. నిజమే. కానీ ఆ రెండో జట్టుకి లీగ్ టైటిల్ రాలేదు. వాకర్ 1992లో ఇటలీకి, టెడీ షెరింగమ్ టాటెన్‌హమ్‌కి వెళ్ళాక ఆ ఖాళీలు నిండలేదు, 1993లో అట్టడుగున నిలిచి డివిజన్ నుంచి జారిపోయింది. ఫ్రాంక్ క్లార్క్ వచ్చి ఏడాదిలో మళ్ళీ పైకి తెచ్చి, 1995లో మూడో స్థానంలో నిలిపాడు. అందులో పియర్స్ లాంటి క్లఫ్ మనుషుల పాత్ర ఉంది కాబట్టి, ఫారెస్ట్ ఖాతాలో ఆ కొన్ని మార్కులు వెయ్యాల్సిందే.

అడిగినవాళ్ళు ఒక్క మాటలో చెప్పమంటారు కాబట్టి చెబుతాను. ఏ జట్టు ఆట టీవీలో ఒక రాత్రి కూర్చుని చూస్తావంటే 1978-79 ఫారెస్ట్. కొత్తగా కోచింగ్ మొదలుపెట్టిన కుర్రాడికి ఏ జట్టు కట్టిన పద్ధతి చదవమంటావంటే 1967-72 డర్బీ. మేలైన పని ఏదంటే నా ఓటు డర్బీకే, తేడా కొంచెమే అయినా.

ఫారెస్ట్ వదిలాక టేలర్ డర్బీ మేనేజర్ అయ్యాడు. 1983 జనవరిలో ఎఫ్‌ఏ కప్‌లో ఫారెస్ట్‌ని 2-0తో ఓడించాడు. ఒక గోల్ కొట్టింది ఆర్చీ గెమిల్, ఇద్దరూ కలిసి తెచ్చిన ఆటగాడు. ఆ వేసవిలో క్లఫ్‌కి చెప్పకుండా రాబర్ట్‌సన్‌ని డర్బీకి తీసుకెళ్ళడంతో స్నేహం తెగిపోయింది. 1990లో టేలర్ చనిపోయేదాకా మళ్ళీ మాటల్లేవు. నాటింగ్‌హమ్ నడిబొడ్డున క్లఫ్ విగ్రహం ఒంటరిగా, చేతులు తలపైకెత్తి కలిపి నిలబడి ఉంటుంది. ఏ52 మీద అటు చివరికి వెళ్తే డర్బీ స్టేడియం ముందు ఉన్న విగ్రహంలో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, మధ్యలో లీగ్ ట్రోఫీ.