యుద్ధానికి మూలం మగతనమా, రాజ్యాల పోటీయా?

మగవాడి రక్తంలోనే పోరు ఉందనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆడవాళ్ల చేతిలో అధికారం ఉంటే యుద్ధాలే ఉండవనేది దానికి జోడీ మాట. సమాజశాస్త్రంలో వీటికి ఎదురు నిలిచే వాదనలు రెండున్నాయి. యుద్ధం రాజ్యాల పోటీలోంచి పుడుతుందనేది ఒకటి. మగతనాన్ని సమాజమే తయారుచేసి సైన్యానికి అప్పగిస్తుందనేది ఇంకొకటి. ఏది నిలుస్తుందో తేల్చుకోవడానికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 నాటి బ్రిటన్‌ను చూడాలి.

ఆ ఆగస్టులో ఫోక్‌స్టన్ పట్టణంలో అడ్మిరల్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే విశ్రాంత నౌకాదళ అధికారి 30 మంది స్త్రీలను కూడగట్టాడు. సైనిక దుస్తుల్లో లేని యువకుడు కనబడితే చేతిలో తెల్ల ఈక పెట్టడం వాళ్ల పని. తెల్ల ఈక అంటే పిరికివాడని ముద్ర. ఆ పద్ధతి ఊరూరా పాకింది. నలుగురూ చూస్తుండగా ఆ ఈక అందుకున్నవాడి ముఖం ఎలా ఉండి ఉంటుంది? పోరు రక్తంలోనే ఉంటే ఇంత సిగ్గుపరచడం దేనికి? అదీ చాలక 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం ఎందుకు తేవలసి వచ్చింది?

ఈకలు పంచింది స్త్రీలే కాబట్టి, ఆడవాళ్ల అధికారంలో యుద్ధాలుండవనే రెండో మాటా నిలవదు. ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ యుద్ధాన్ని సమర్థిస్తే, కూతురు సిల్వియా వ్యతిరేకించింది. అయినా ఆ మాటను పూర్తిగా తోసిపుచ్చడానికి మనసొప్పదు. 1915 ఏప్రిల్‌లో అమెరికా సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ అధ్యక్షతన వెయ్యి మందికి పైగా స్త్రీలు శాంతి కోసం నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో కలిశారు. పోరాడుతున్న దేశాల వాళ్లూ అందులో ఉన్నారు. వాళ్లను కలిపింది తల్లి మనసు కంటే ఓటు కోసం ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన చెలిమే అని నా నమ్మకం.

ఇక యుద్ధం ఎందుకు మొదలైందని అడిగితే ఈకల్లో జవాబు దొరకదు. కూటములు, జర్మనీతో యుద్ధనౌకల పోటీ, సామ్రాజ్యాల ఆశ: అక్కడ రాజ్యాల పోటీ వాదనదే పైచేయి. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు కందకంలోకి ఎందుకు దిగాడో అది చెప్పలేదు. మగతనం తయారీ వాదన చెబుతుంది. "ఆడపిల్లలా ఏడుస్తావేం?" అని కొడుకును గద్దించే ప్రతి ఇంటికీ అది వర్తిస్తుంది. అందుకే నా మొగ్గు దానివైపే.

1916 సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం ఒక వెండి బ్యాడ్జిని ప్రవేశపెట్టింది. గాయాలతోనో జబ్బుతోనో సైన్యం నుంచి విడుదలైనవాళ్లు దాన్ని మామూలు కోటుకు కుడివైపు పెట్టుకునేవారు, వీధిలో ఎవరూ తమను పిరికివాళ్లనకుండా.