అప్పుడు నాలుగు యూనిట్లు, ఇప్పుడు ఒక్కటి: ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్‌కి నా రేటింగ్ 4/5

అమ్మకి రెండు మోకీళ్ల మార్పిడి ఆపరేషన్లూ ఒకే ఆసుపత్రిలో, పదకొండేళ్ల తేడాతో జరిగాయి. మొదటిసారి నాలుగు యూనిట్ల రక్తం సిద్ధం చేసుకోమన్నారు. దాతల కోసం రెండు రోజులు ఫోన్ల మీద ఫోన్లు, ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. ఈసారి మాత్రం క్రాస్ మ్యాచ్‌కి (దాత రక్తం అమ్మకి సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) శాంపిల్ తీసుకుని ఊరుకున్నారు. ఆపరేషన్ అయ్యాక హిమోగ్లోబిన్ 8.1కి దిగినా ఎవరూ కంగారు పడకపోయేసరికి నాకు కోపం వచ్చి, నేరుగా బ్లడ్ బ్యాంక్ డాక్టర్ గారి దగ్గరికే వెళ్లి అడిగేశాను.

ఆవిడ విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు. 1940ల నుంచి దశాబ్దాల పాటు హిమోగ్లోబిన్ 10 కన్నా తగ్గితే రక్తం ఎక్కించెయ్యడమే అలవాటట. గుండె ఆపరేషన్లు, పెద్ద పెద్ద సర్జరీలు పెరిగేకొద్దీ వాడకమూ పెరుగుతూ వచ్చింది. 1980ల్లో హెచ్‌ఐవీ భయం పట్టుకున్నాక, అసలు ఇంత రక్తం అవసరమా అని డాక్టర్లే ఆలోచించడం మొదలుపెట్టారు. 1999లో కెనడా వాళ్లు ఐసీయూ రోగుల మీద చేసిన పరిశోధనలో, 7 దాకా ఆగి ఎక్కించినా రోగులకి నష్టం లేదని తేలింది. మోకీళ్ల లాంటి ఎముకల ఆపరేషన్లకి సాధారణంగా 8 చూస్తారట. దానికి తోడు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్, ఆపరేషన్‌కి ముందే ఐరన్ ఇచ్చి రక్తహీనత సరిచెయ్యడం, చిన్న కోతలతో చేసే సర్జరీలు. అమెరికాలో 2008 తర్వాత ఎర్రకణాల వాడకం బాగా తగ్గిందంటే కారణాలు ఇవేనట.

అలాగని రక్తదాతల అవసరం తీరిపోలేదు, ఈ మాట ఆవిడ రెండుసార్లు చెప్పారు. కీమో తీసుకునేవాళ్లకి ప్లేట్‌లెట్లు కావాలి, అవేమో మామూలుగా ఐదు రోజులకి మించి నిలవ ఉండవు. ధనిక దేశాల్లో రక్తం ఎక్కువగా అరవై దాటినవాళ్లకి వెళ్తుంటే, పేద దేశాల్లో సగం దాకా ఐదేళ్లలోపు పిల్లలకే వెళ్తుందట, మలేరియా వల్ల వచ్చే తీవ్ర రక్తహీనత అందుకు ఒక పెద్ద కారణం. అది విన్నాక, ఆ రోజు మా కోసం తెప్పించుకున్న నాలుగు యూనిట్లలో అమ్మకి నిజంగా ఎన్ని అవసరమయ్యాయా అని మనసు చివుక్కుమంది.

మూడో రోజు 7.6 వచ్చింది, అప్పుడు ఎక్కించారు, ఒక్క యూనిటే. ఇద్దరు నర్సులు మంచం పక్కనే నిలబడి, ఒకరు ప్యాకెట్ మీది నంబరు, గ్రూపు, గడువు తేదీ పైకి చదువుతుంటే ఇంకొకరు అమ్మ చేతి పట్టీతో సరిచూశారు, అమ్మ చేత పేరు కూడా చెప్పించారు. మొదటి పదిహేను నిమిషాలు ఒకావిడ కదల్లేదు, చలి వేస్తోందా అమ్మా, నడుం నొప్పి ఉందా అని అడుగుతూనే ఉన్నారు. రెండో యూనిట్ ఊసెత్తకుండా మర్నాడు మళ్లీ పరీక్ష చేశారు, 8.7 వచ్చింది, అక్కడితో ఆపేశారు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఆ ప్యాకెట్ వార్డుకి రావడానికి రాత్రి రెండు గంటలు పైనే పట్టింది, కౌంటర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఇంకోటి, ఈ వివరాలన్నీ నేను వెళ్లి అడిగితేనే తెలిశాయి. పక్క మంచం పెద్దాయన కొడుకు మాత్రం, మా నాన్నకి రక్తం ఎందుకు ఎక్కించట్లేదో ఎవరూ చెప్పరేంటండీ అని డిశ్చార్జ్ రోజు దాకా నన్నే అడుగుతూ ఉన్నాడు.