విజయవాడలో స్పోర్ట్స్ ఇంజురీ వీకెండ్ కోర్సు: పాఠాలు బంగారం, కౌంటర్‌లో చెప్పే కెరీర్ మాటలు నమ్మకండి

ముందే చెప్పేస్తున్నా. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చివరి ఏడాదిలోనో ఇంటర్న్‌షిప్‌లోనో ఉన్నవాళ్లకి, స్కూళ్లలో పనిచేసే పీఈటీ సార్లకి, మేడమ్‌లకి ఈ కోర్సు డబ్బులు దండగ కావు. ఇంటర్ అవగానే ఇందులో చేరి, సర్టిఫికెట్ పట్టుకుని ఏదైనా టీమ్‌తో తిరగొచ్చు అనుకునే పిల్లలకి మాత్రం వద్దనే చెప్తాను. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు, ఎందుకంటే పాఠం చెప్పినవాళ్ల మీద నాకు చాలా గౌరవం ఉంది. నా గొడవంతా అడ్మిషన్ కౌంటర్‌తోనే.

నేను గుంటూరులో బీపీటీ ఇంటర్న్‌ని. క్లాసులు శని, ఆదివారాలు. గ్రౌండ్ సెషన్ తెల్లవారుజామునే మొదలవుతుంది కాబట్టి గుంటూరు నుంచి వచ్చేవాళ్లు మొదటి బస్సు పట్టుకోవాలి, బస్టాండ్‌లో దిగి బెంజ్ సర్కిల్ వైపు ఆటో ఎక్కాలి. ఆలస్యంగా వస్తే, పాఠం చెప్పే సార్ గ్రౌండ్‌లోకి రానివ్వరు. మొదట్లో కోపం వచ్చింది కానీ మ్యాచ్ మొదలయ్యే టైమ్‌కి ఫిజియో రాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పాక మళ్లీ ఎవరూ నోరెత్తలేదు.

అందరం టేపింగ్ (కీళ్లకి దన్నుగా పట్టీ టేప్ చుట్టడం) నేర్పిస్తారని వెళ్తే మొదటి క్లాసు వడదెబ్బ మీద. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ చూసే ఊళ్లలో ఉంటూ నాలుగేళ్లు ఫిజియోథెరపీ చదివిన మాకు, గ్రౌండ్‌లో పరిగెత్తుతూ పడిపోయిన పిల్లాడిని ఏం చేయాలో ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మామూలుగా ఏం చేస్తాం? నీడలోకి లాగుతాం, మొహాన నీళ్లు చల్లుతాం, ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెడతాం. సార్ చెప్పింది దీనికి పూర్తిగా వేరు. 108కి ఫోన్ చేస్తూనే అక్కడికక్కడే మనిషిని చల్లబరచాలి, తరలించడం ఆ తర్వాతే. మెడ దాకా ఐస్ నీళ్లలో ముంచాలి, అరగంటలోపు ఒంటి లోపలి వేడి 39 డిగ్రీల కిందికి దిగాలి. లోపలి వేడి 40 దాటి, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా తూలుతున్నా అది వడదెబ్బే, ఒంటికి చెమట పడుతోంది కదా అని వదిలేయకూడదు, ఎందుకంటే ఆడుతూ ఆడుతూ వడదెబ్బ తగిలినవాళ్లకి చెమట పడుతూనే ఉండొచ్చు. చంకలో పెట్టే థర్మామీటర్‌ని కూడా ఇక్కడ నమ్మకూడదట. టబ్ లేని గ్రౌండ్ కోసం టార్పాలిన్ పట్టా పద్ధతి చేయించారు: పట్టా అంచులు చుట్టూ నిలబడి ఎత్తి పట్టుకోవాలి, మధ్యలో పడుకోబెట్టిన మనిషి మీద ఐస్ నీళ్లు పోస్తూ అటూ ఇటూ ఊపాలి. మా బ్యాచ్‌లో ఒక పీఈటీ సార్ అది చూసి తన స్కూల్లో వేసవి క్యాంపుకి రెండు పట్టాలు, ఐస్ దిమ్మల ఏర్పాటు చేయించుకుంటానని అక్కడే నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఫీజు మొత్తం ఆ ఒక్క క్లాసుకే ఇచ్చినా బాధ లేదు నాకు.

సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కడం) కూడా బాగా చేయించారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలని పుస్తకంలో చదవడం వేరు, బొమ్మ మీద రెండు నిమిషాలు ఆగకుండా నొక్కి చేతులు వణకడం వేరు. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలని ఎందుకంటారో అప్పుడు తెలుస్తుంది.

చీలమండ దగ్గర బెణికితే ఎక్స్‌రే ఎప్పుడు కావాలి అన్నదానికి 1992లో కెనడా డాక్టర్లు రాసిన ఒట్టావా రూల్స్ నేర్పారు. చీలమండ ఎముక వెనక అంచున కింది 6 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలినప్పుడూ మనం చూసేటప్పుడూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రేకి పంపాలి. పాదంలో ఇంకో రెండు చోట్ల కూడా నొక్కి చూడాలి. మన వైపు కాలు బెణికితే ముందు ఎవరో ఒకరు గట్టిగా మర్దన చేసేస్తారు, తగ్గకపోతే పుత్తూరు కట్టు అంటారు, చివరికెప్పుడో డాక్టర్. అలాంటి చోట రెండు నిమిషాల్లో తేల్చే ఈ పరీక్ష ప్రతి కబడ్డీ కోచ్‌కీ తెలిసి ఉండాలి. కబడ్డీలో తలలు గుద్దుకున్నప్పుడు కూడా అంతే. కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అనుమానం వస్తే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, పిల్లాడు బాగానే ఉన్నానని ఎంత బతిమాలినా సరే.

టేపింగ్ సెషన్ మాత్రం నిరాశ. బ్యాచ్ పెద్దది, బల్లలు తక్కువ, ఒక్కో టేబుల్ చుట్టూ గుంపు. టేప్ రోల్స్‌కి డబ్బులు విడిగా కట్టాలని చేరేటప్పుడు చెప్పలేదు. అమ్మాయిలకి ప్రాక్టీస్ కోసం తెర కూడా మేం అడిగాకే కట్టారు. అయినా సార్ నిజాయితీ ఇక్కడా కనిపించింది. రంగురంగుల కైనీసియో టేప్ గురించి ఎవరో గొప్పగా అడిగితే, దాని వల్ల పెద్ద లాభం ఉందనడానికి గట్టి ఆధారాలు లేవు, చీలమండకి గట్టి టేపో బ్రేసో వేసి బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు చేయించడం మేలు అని సూటిగా చెప్పేశారు. అమ్మాయిలకి మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం ఎక్కువ కాబట్టి దూకి దిగే పద్ధతి నేర్పాలని మేడమ్ తీసుకున్న క్లాసు చిన్నదే అయినా చాలా బాగుంది, దానికి ఇంకో పూట ఇవ్వాల్సింది. డోపింగ్ గురించి ఒక గంట చెప్పారు. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ రోజు మోతాదు మించితే దొరికిపోతారని, తెలియక వేసుకున్నా బాధ్యత ఆటగాడిదేనని విన్నాక మా హాస్టల్ పిల్లలకి నేను మాత్రలు ఇవ్వడం మానేశాను.

ఇక కౌంటర్ సంగతి. తెనాలి నుంచి ఒకాయన ఇంటర్ అయిన కొడుకుని తీసుకొచ్చారు. "మావాడికి కబడ్డీ అంటే ప్రాణం, ఎంబీబీఎస్ సీటు రాలేదు" అంటే, కౌంటర్‌లో ఉన్నతను "ఈ సర్టిఫికెట్‌తో అమెరికాలో కూడా అథ్లెటిక్ ట్రైనర్‌గా అప్లై చేసుకోవచ్చండీ" అనేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చాక ఆయనే "అమ్మా, నువ్వు ఇదే చదువుతున్నావు కదా, నిజమేనా?" అని అడిగారు. అక్కడ మెట్ల మీద నిలబడి ఆయనకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుంది.

"బాబాయ్ గారూ, అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్ అంటే జిమ్ ట్రైనర్ కాదు, అక్కడ అది వైద్య వృత్తి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1990లోనే గుర్తించింది. ఇప్పుడు అందులోకి వెళ్లాలంటే సీఏఏటీఈ అనే అక్కడి సంస్థ గుర్తింపు ఉన్న మాస్టర్స్ చదవాలి, బీఓసీ అనే సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష పాసవ్వాలి, ఆపైన పనిచేసే రాష్ట్రం లైసెన్స్ చూసుకోవాలి. వీకెండ్ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. మన దేశంలో ఆ పనిని ఎక్కువగా స్పోర్ట్స్ ఫిజియోలు, స్ట్రెంగ్త్ కోచ్‌లు (ఆటగాళ్ల బలం, ఫిట్‌నెస్ పెంచేవాళ్లు) పంచుకుంటారు. మీవాడిది బైపీసీ అయితే బీపీటీ దారి ఉంది, మన రాష్ట్రంలో ఆ కాలేజీలు విజయవాడలోనే ఉన్న ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కిందికి వస్తాయి. మా బ్యాచ్‌కి నాలుగేళ్లూ పైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్పూ, ఇప్పుడు చేరేవాళ్లకి ఎంతో కాలేజీలో అడిగి చేరండి. తర్వాత రెండేళ్ల ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ)లో స్పోర్ట్స్ తీసుకోవచ్చు."

ఆయన మళ్లీ అడిగారు, "మరి ఫిజియో కాకుండా వేరేది?" సీఎస్‌సీఎస్ అనే స్ట్రెంగ్త్ కోచింగ్ పరీక్షకి డిగ్రీ, సీపీఆర్ సర్టిఫికెట్ కావాలి. కోచ్ అవ్వాలంటే 1961 నుంచి నడుస్తున్న పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా శిక్షణ సంస్థ) ఉంది. పీఈటీ దారిలో వెళ్లాలంటే వ్యాయామ విద్య కోర్సులు మన నాగార్జున యూనివర్సిటీలోనే ఉన్నాయి. ఇవన్నీ ఏళ్ల తరబడి చదువులే. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చాక ఫిజియో వృత్తికి జాతీయ కమిషన్ ఉంది, కాబట్టి ముందు ముందు డిగ్రీ, రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయడం ఇంకా కష్టమవుతుంది. ఆ తండ్రి ఫీజు కట్టకుండా వెనక్కి వెళ్లారు, నాకు చాలా సంతోషం వేసింది.

ఈ విషయం సార్‌కి చెప్తే ఆయనా బాధపడ్డారు, "మేం చెప్పేది చేతి పని, అది డిగ్రీకి తోడు మాత్రమే అని నేను మొదటి రోజే చెప్తున్నానమ్మా" అన్నారు. నిజమే, చెప్పారు. కానీ అప్పటికి అందరూ ఫీజు కట్టేసి ఉంటారు, అది తిరిగి ఇవ్వరు. ఆ ఒక్క వాక్యం రసీదు మీద అచ్చు వేయించమని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసి ఇచ్చాను.

చేరదామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు మూడు సంగతులు కనుక్కోండి: ఒక్కో టేబుల్‌కి ఎంతమంది, టేప్ ఖర్చు ఎవరిది, గ్రౌండ్ సెషన్లు ఎవరు తీసుకుంటున్నారు. మా సార్ తీసుకుంటుంటే చేరిపోండి. వేసవి బ్యాచ్ అయితే ఇంకా మంచిది, ఐస్ టబ్ ప్రాక్టీస్ నిజంగా ఎండలోనే చేయిస్తారు. బట్టలు ఒక జత ఎక్కువ తీసుకెళ్లండి.